ముందు కుట్టు, తర్వాతే హైదరాబాద్

కనుగుడ్డు చీలిన మనిషికి 24 గంటల లెక్క ఒకటి ఉంటుంది. ఆ లోపల చీలిక మూసేస్తే కన్ను లోపల చీము పట్టే ప్రమాదం బాగా తగ్గుతుంది. దాటితే పూటపూటకూ పెరుగుతుంది. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ, దాని వెంటే వచ్చిన కొవిడ్ లాక్‌డౌన్ నుంచి, ఆ 24 గంటల్లో ఎన్ని దారిలోనే పోతాయో ముందే లెక్క కట్టుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది, ఆ మరుసటి ఏడాది వరంగల్‌లో పెద్ద కంటి గాయాలను చూసే పద్ధతి ఎట్లా మారిందో, ఏది పనిచేసిందో, ఏది దెబ్బ తీసిందో రాస్తున్నాను. మా దగ్గర చీలిన గుడ్డుకు కుట్లు వేసే ఏర్పాటు ఉంది, రెటీనా (కన్ను వెనక ఉండే చూపు పొర) ఆపరేషన్ లేదు. దానికి 150 కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్ ఉంది. జిల్లాల్లో చాలా కండ్ల దవాఖానల పరిస్థితి ఇదే కాబట్టి ఈ వివరాలు పనికొస్తాయనుకుంటున్నాను.

మొదటి వారంలోనే శుక్లాల ఆపరేషన్లు, అద్దాల పరీక్షలు ఆగిపోయాయి. అత్యవసరం మాత్రమే చూడమన్నారు. కంటి డాక్టర్లకు భయం కొంచెం ఎక్కువే ఉండేది. వుహాన్‌లో కొవిడ్ గురించి తోటివారిని ముందుగా హెచ్చరించి, 2020 ఫిబ్రవరిలో దానికే బలైన లీ వెన్‌లియాంగ్ కంటి వైద్యుడే. స్లిట్ ల్యాంప్ (కన్ను పరీక్షించే దీపం, మైక్రోస్కోపు) దగ్గర రోగి ముక్కుకూ మన ముక్కుకూ మధ్య జానెడు దూరం మించదు. అడ్డం పెట్టుకునే షీల్డులు అప్పుడు బజారులో లేవు. పాత ఎక్స్‌రే ఫిల్ములను బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి, నల్ల పూత రుద్ది కడిగి, మైక్రోస్కోపు గొట్టాలు పట్టేటట్టు రెండు రంధ్రాలు కోసి తగిలించుకున్నాం. ఒక్కో రోగి లేచాక స్పిరిట్‌తో తుడవడం. ల్యాంప్ దగ్గర ఇద్దరూ నోరు మెదపవద్దు. ఏం తగిలింది, ఎప్పుడు తగిలింది అన్నవన్నీ ముందే ఫోనులోనో, గుమ్మం అవతల నిలబెట్టో అడిగి రాసుకోవాలి. ఈ ఒక్క మార్పు వల్ల కేసు షీట్లు మునుపటికంటే బాగా రాయడం మొదలైంది, అది వేరే సంగతి.

గాయాల తీరు వారం తిరక్కుండానే మారింది. రోడ్లు ఖాళీ కాబట్టి బండి ప్రమాదాల గాయాలు పడిపోయాయి. వెల్డింగ్ షాపులు, కరీంనగర్ గ్రానైట్ క్వారీలు ఆగాయి కాబట్టి ఇనుప రజను, రాతి పెచ్చుల కేసులూ తగ్గాయి. వ్యవసాయం మాత్రం ఆగలేదు, ఆగేది కాదు కూడా. ఏప్రిల్, మే అంటే యాసంగి వరి కోతలు. వడ్లు తూర్పార పడితే పొట్టు కంట్లో కొడుతుంది. మిర్చి కళ్ళాలు, మక్కల ఒలుపుడు, ఎండిన పత్తి కట్టె పీకుడు కూడా ఆ రోజుల్లోనే. ములుగు, భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు ఇప్ప పువ్వు ఏరేవాళ్ళకు, తునికాకు కోసేవాళ్ళకు ముల్లు, పుల్ల గుచ్చుకుంటుంది. ఇవన్నీ మట్టి అంటిన గాయాలు. ఇనుప పెచ్చు వేడిగా, కొంచెం శుభ్రంగా లోపలికి పోతుంది. తుమ్మ ముల్లు అట్లా కాదు, మన్నును, బూజును వెంటబెట్టుకుని పోతుంది.

ఇక పిల్లలు. బడులు మూతపడ్డాయి, పెద్దవాళ్ళు కల్లంలో ఉన్నారు. మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ మళ్ళీ వేశారు. వెదురు బద్దతో విల్లు, పొరక పుల్లతో బాణం ప్రతి వాకిట్లో తయారు. చిర్రగోనె (బిళ్ళంగోడు) సరేసరి, చిర్ర ఎగిరి వచ్చేది మొహం ఎత్తుకే. పొరక పుల్ల గాయాన్ని తక్కువ అంచనా వేయకూడదు. బయట ఒకటి రెండు మిల్లీమీటర్ల గీతలా కనిపిస్తుంది. లోపల లెన్సు పొర చిరిగి ఉంటుంది, రెండో రోజుకు కంటిపాపలో తెల్లగా ఉబ్బుతుంది. అందుకే పిల్లాడికి పుల్ల తగిలిందంటే, కన్ను చూడటానికి ఎంత మామూలుగా ఉన్నా, గుడ్డు చీలిందనే అనుకుని మొదలుపెట్టేవాళ్ళం. చీలలేదని తేలితే సంతోషం.

మద్యం దుకాణాలు మే 6న తెరిచాక పిడికిలి దెబ్బలు, తాగి పడ్డ దెబ్బలు తిరిగొచ్చాయి. మొద్దు దెబ్బకు గుడ్డు పగిలితే, పుల్ల గుచ్చుకున్నదానికంటే ఫలితం చెడ్డగా ఉంటుంది. చీలిక సాధారణంగా తెల్లగుడ్డు పలచగా ఉండే చోట, కండరాల వెనక పడుతుంది, పైకి కనిపించదు. రెప్పలు వాచి, తెల్లగుడ్డు మొత్తం నల్లటి నెత్తురు కమ్మి, గుడ్డు మెత్తగా అనిపిస్తే, చీలిక కనిపించలేదు కాబట్టి లేదు అనుకోవద్దు.

మామూలు రోజుల్లో కంటి గాయానికి ఒక వరస ఉండేది. ఊళ్ళో ఆర్‌ఎంపీ, మండలంలో మెడికల్ షాపు, ఏరియా ఆసుపత్రి, వరంగల్, ఆపైన హైదరాబాద్. ప్రతి మెట్టు దగ్గర "ఇక్కడ కాదు, పైకి పోండి" అని చీటీ. నిజం చెప్పాలంటే వరంగల్ మెట్టు మీద ఉన్న మేము కూడా లెన్సు చిరిగినా, విట్రియస్ (గుడ్డు లోపలి జిగురు పదార్థం) బయటికొచ్చినా కుట్టు వేయకుండా హైదరాబాద్ చీటీ రాసిన రోజులున్నాయి. అన్నీ ఒకేసారి అక్కడే చేస్తారు కదా అన్నది మా లెక్క. లాక్‌డౌన్ ఆ లెక్కను చెడగొట్టింది. బస్సులు మే 19 దాకా లేవు. కారు దొరికినా పాసు కావాలి. పాసు దొరికినా అక్కడ కొవిడ్ పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగాల్సి రావచ్చు. మొత్తం కలిపితే రెండు రోజులు. అందుకని ఏప్రిల్ మొదట్లోనే ఒక నియమం పెట్టుకున్నాం. గుడ్డు ఏ స్థితిలో ఉన్నా ముందు ఇక్కడే మూయాలి, నీళ్ళు కారకుండా చేయాలి, ఆ తర్వాతే పైకి. లెన్సు, రెటీనా పని 7 నుంచి 14 రోజుల్లో రెండో ఆపరేషన్‌గా చేయవచ్చు. గుడ్డు తెరిచి ఉన్నంతకాలం మాత్రం ఏదీ ఆగదు. ఇది పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్న మాటే, మేము పాటించింది అప్పుడు.

ఆలస్యం అనగానే అందరూ చెక్‌పోస్టుల మాటే ఎత్తుతారు. కంటి మీద కాపుగా పేపరు కప్పు కట్టుకున్న మనిషిని పోలీసులు ఆపింది తక్కువ. ఆ కప్పే పాసు అయ్యేది. అసలు రోజులు పోయింది మెడికల్ షాపు దగ్గర. "కంట్లె నలక వడ్డది, గంతే సార్, ఎర్రగైంది" అంటే షాపతను ఇచ్చేది చాలాసార్లు స్టెరాయిడ్ కలిసిన చుక్కలు. వేసిన పూటకే ఎరుపు, నొప్పి తగ్గుతాయి. రోగికి ధైర్యం వస్తుంది, దవాఖానకు పోతే కరోనా అంటుకుంటదన్న భయం కూడా దానికి తోడు. ఆ స్టెరాయిడ్ కిందే బూజు లోపలికి పాకుతుంది. అయిదో రోజో, ఎనిమిదో రోజో నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చతో, కింద చీము గీతతో వస్తారు. ఆకు పసరు, చనుబాలు పోసుకుని వచ్చినవాళ్ళు వీళ్ళకు అదనం.

అందుకే ఫోనును మొదటి పరీక్షగా మార్చుకున్నాం. ఆశా కార్యకర్తలకు, తెలిసిన ఆర్‌ఎంపీలకు ఒక నంబరు ఇచ్చి, నాలుగు ప్రశ్నలు నేర్పాం. దెబ్బ తగిలిన కంటితో చేతి వేళ్ళు లెక్కపెట్టగలుగుతున్నాడా? కంటిపాప గుండ్రంగా ఉందా, ఒకవైపు గుంజినట్టు చింతగింజలా ఉందా? తగిలిన క్షణాన వేడి నీళ్ళలాంటివి బుగ్గ మీదికి కారాయా? నల్లగుడ్డు అంచున గోధుమ రంగు ముక్క ఏదైనా బయటికొచ్చిందా? ఒక్కటి తేడా ఉన్నా గుడ్డు చీలినట్టే. ఫోటో తీసి పంపమనేవాళ్ళం. ఒక షరతు మీద: రెప్ప దానంతట అది ఎంత తెరుచుకుంటే అంతే, వేళ్ళతో విప్పొద్దు. ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) ముక్కను చెత్త అనుకుని దూదితో లాగినవాళ్ళు ఉన్నారు, అందుకే ఈ షరతు.

బయలుదేరే ముందు చేయాల్సింది తక్కువే. కన్ను కడగొద్దు, చుక్కలు వద్దు, మలాం అసలే వద్దు. మలాం చీలికలోంచి లోపలికి పోతే తీయడం కష్టం. దూది ప్యాడ్ పెట్టి బిగించి కట్టొద్దు. పేపరు టీ కప్పు అడుగు భాగాన్ని రెండు వేళ్ళ లోతు ఉంచి కత్తిరించి, దాని అంచు నుదుటి ఎముక మీద, చెంప ఎముక మీద ఆనేటట్టు పెట్టి ప్లాస్టర్ వేయాలి. గుడ్డుకు ఏదీ తగలకూడదు. గుచ్చుకున్న పుల్ల ఇంకా ఉంటే అట్లాగే ఉంచి, దాని చుట్టూ కప్పు పెట్టాలి. టెటనస్ ఇంజెక్షన్ 0.5 మిల్లీలీటరు అక్కడే వేయించుకోవచ్చు. వాంతి వస్తే గుడ్డు లోపలి పదార్థం బయటికి నెట్టుకొస్తుంది కాబట్టి ఓండాన్‌సెట్రాన్ 4 మిల్లీగ్రాములు. దారిలో తిండి పెట్టొద్దు. ఏడుస్తున్న పిల్లాడికి బన్ను, చాయ్ తాపించి తీసుకొస్తే మత్తు ఇవ్వడానికి ఆరు గంటలు ఆగాలి. ఉన్న 24లో పావు భాగం బన్నుకు పోయినట్టు. మంచినీళ్ళు అయితే మత్తుకు రెండు గంటల ముందు వరకు ఫరవాలేదు.

దవాఖానకు వచ్చాక చూపు రాసుకోకుండా ఏ పనీ మొదలుపెట్టేవాళ్ళం కాదు. ఇది పోలీసు కేసు కాగితాల కోసం మాత్రమే కాదు. గాయానికి మార్కులు వేసే పద్ధతి ఒకటి ఉంది, ఆక్యులర్ ట్రామా స్కోర్ అంటారు. వెలుతురు కూడా తెలియకపోతే 60, వెలుతురో చెయ్యి కదలికో తెలిస్తే 70, అక్కడి నుంచి మంచి చూపుకు 100 వరకు. గుడ్డు పగిలితే అందులో 23 తీసేస్తాం. లోపల చీముకు 17, ఇటు నుంచి అటు దూసుకుపోతే 14, రెటీనా ఊడితే 11, కంటిపాప వెలుతురుకు సరిగా స్పందించకపోతే 10. మిగిలింది 44కు మించకపోతే చూపు తిరిగిరావడం అరుదు. మామూలు రోజుల్లో ఈ లెక్క పరిశోధన పేపర్లకే అనుకునేవాళ్ళం. లాక్‌డౌన్‌లో అది ఇంటివాళ్ళతో మాట్లాడే సాధనం అయింది. ఉన్న ఎకరం మీద అప్పు తెచ్చి అంబులెన్సు కట్టుకుని హైదరాబాద్ పోవాలా వద్దా అని అడిగినప్పుడు, "దేవుని దయ" అని తప్పించుకోకుండా ఒక అంకె చూపించగలిగాం. 44 లోపు ఉన్నా మొదటి కుట్టు మాత్రం మానలేదు. ఆ కన్ను తీసేయాలా వద్దా అన్న నిర్ణయం మొదటి రోజు చేసేది కాదు. రెండో కంటికి సింపథెటిక్ ఆఫ్తాల్మియా (ఒక కంటి గాయం వల్ల బాగున్న కంటికీ వచ్చే వాపు) వచ్చే భయం ఉంటుంది కాబట్టి, చూపు పూర్తిగా పోయిన కన్ను తీయాలనుకుంటే రెండు వారాల లోపల అన్నది వాడుకలో ఉన్న గడువు. ఆ గడువు లోపల వాళ్ళు మళ్ళీ రాగలరా లేదా అన్నది ముందే మాట్లాడుకోవాల్సి వచ్చింది, లాక్‌డౌన్ తెచ్చిన తేడా అదే.

లోపల ఇనుము ఉందేమోనన్న అనుమానానికి సీటీ స్కాన్ మంచిది, ఒక మిల్లీమీటరు పలుచని కోతలతో. ఎంఆర్‌ఐ పొరపాటున కూడా వద్దు, అయస్కాంతం ముక్కను కదిలిస్తుంది. కానీ సీటీ మిషన్ ఛాతీ స్కాన్లకు పోయింది. ఒక్కో కొవిడ్ రోగి తర్వాత గది శుభ్రం చేయడానికి మూసేవాళ్ళు. మేము మామూలు ఎక్స్‌రేకు తిరిగొచ్చాం. పైకి చూస్తూ ఒకటి, కిందికి చూస్తూ ఒకటి. ముక్క కన్నుతోపాటు కదిలితే లోపల ఉన్నట్టు. లాక్‌డౌన్ సడలించాక నెల రోజులు ఈ కేసులు ఒక్కసారిగా వచ్చాయి. మూలన పడ్డ ట్రాక్టరు నాగళ్ళు, గొర్రు కర్రులు ఇంట్లోనే సుత్తెతో సాపు చేసుకున్నవాళ్ళు. నొప్పి ఉండదు, చూపు మొదటి రోజు 6/6 కూడా ఉండొచ్చు. "సుత్తె, ఉలి" అన్న మాట వినబడితే చాలు, ఎక్స్‌రే లేకుండా ఇంటికి పంపొద్దు. ఇనుము లోపలే ఉండిపోతే నెలల మీద తుప్పు రెటీనాను తినేస్తుంది.

మాస్కుకు, కళ్ళద్దాలకు పడలేదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. షాపులు తెరిచాక వెల్డర్లు, రాయి కొట్టేవాళ్ళు మాస్కు పెట్టుకున్నారు, అద్దాల మీద ఆవిరి పట్టి అద్దాలు తీసేశారు. మాస్కు పై అంచులో తీగ ఉన్నది తీసుకుని ముక్కుకు నొక్కి, దాని మీద పలుచని ప్లాస్టర్ పట్టీ వేసి, అద్దాలు దాని మీద ఆనేలా పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. మేము ఆపరేషన్ గదిలో చేసిందీ ఇదే.

ఆపరేషన్ గది గురించి కొంచెం వివరంగా. మొదటి మూడు నెలలు ఆర్‌టీపీసీఆర్ రిపోర్టుకు ఒకటి రెండు రోజులు పట్టేది. చీలిన గుడ్డు అంతసేపు ఆగదు. కాబట్టి ప్రతి ఒక్కరూ పాజిటివే అనుకుని పీపీఈ వేసుకుని చేయడం. జూలైలో అర గంటలో తేలే యాంటిజెన్ పరీక్ష వచ్చాక ఊపిరి ఆడింది, అది నెగటివ్ అని చెప్పినా పూర్తిగా నమ్మలేం అన్న ఎరుకతోనే. పిల్లలకు పూర్తి మత్తు తప్పదు. ఊపిరి గొట్టం వేసేటప్పుడు, తీసేటప్పుడు అవసరం లేనివాళ్ళు బయట ఉండాలి, తర్వాత గాలి మారేదాకా పావు గంటకు పైగా ఆగాలి. గాలి ఒక గది నుంచి ఇంకో గదికి పోకూడదని ఏసీ ఆపేశాం. మే నెల వరంగల్‌లో 42, 43 డిగ్రీలు. ప్లాస్టిక్ గౌను లోపల చెమట మోచేతుల దాకా కారి గ్లౌజుల్లో చేరుతుంది. కుట్లు వేసే 10-0 నంబరు నైలాన్ దారం వెంట్రుకలో సగం మందం కూడా ఉండదు. గాగుల్స్ వేసుకుని మైక్రోస్కోపులో చూస్తే నడుమ మాత్రమే ఒక గుండ్రం కనిపిస్తుంది, అంచులు తెలియవు. అయిదు నిమిషాలకు అది కూడా మసక. చివరికి మైక్రోస్కోపు ముందు భాగానికే పలుచటి పారదర్శక ప్లాస్టిక్ కవరు దించి, కంటి గొట్టాల రబ్బరు కప్పులు తీసేసి, గాగుల్స్ లేకుండా, ఎన్95 పై అంచుకు ప్లాస్టర్ వేసుకుని చేశాం. అది సరైనదేనా అంటే, మసక గాగుల్స్‌తో కార్నియాకు (నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు) అడ్డదిడ్డంగా కుట్లు వేయడం కంటే సరైనదే అని నా అభిప్రాయం.

కుట్ల వరస ఎప్పటిలాంటిదే. కానీ తొందరలో తప్పేది కూడా ఇదే. ముందు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచును, కొంచెం లావైన 9-0 నైలాన్‌తో కలపాలి. అది కుదిరితే మిగతాదంతా దాని వెంట వస్తుంది. తర్వాత గాయం మూలలు, చివరికి తిన్నగా ఉన్న భాగం. సూది కార్నియా మందంలో 90 శాతం లోతుకు దిగాలి. పైపైన వేస్తే లోపలి పెదవులు తెరుచుకుని నీళ్ళు కారతాయి, పూర్తిగా లోపలికి దూరితే కుట్టు దారే సూక్ష్మజీవులకు తొవ్వ అవుతుంది. అంచుల దగ్గర పొడుగు కుట్లు, నడుమకొచ్చే కొద్దీ పొట్టివి. సరిగ్గా చూపు దారి మీద కుట్టు పడకుండా చూసుకోవాలి. బయటికొచ్చిన ఐరిస్ ఒక రోజు లోపలిదై, మెరుస్తూ ఉంటే కడిగి లోపలికి నెట్టొచ్చు. ఎండి, బూడిద రంగుకు తిరిగితే కత్తిరించడమే. లాక్‌డౌన్‌లో వచ్చినవాటిలో కత్తిరించినవే ఎక్కువ. తెల్లగుడ్డు గాయానికి కంజంక్టివా (తెల్లగుడ్డు మీది పలుచని పొర) పూర్తిగా విప్పి, ముందు నుంచి వెనక్కి, కనిపించినంత మేర మూస్తూ పోవాలి. గుడ్డును నొక్కితే తప్ప అందదు అన్నచోట ఆపేయాలి. వెనకటి చీలిక దానంతట అదే అతుక్కుంటుంది, దాని కోసం గుడ్డును పిండితే ఉన్న విట్రియస్ కూడా బయటికొస్తుంది. ముడులు దారం వెంట తిప్పి కార్నియా లోపలికి పూడ్చాలి. ఈసారి దీనికి రెండింతల సమయం ఇచ్చాం, ఎందుకో కింద చెప్తాను. అంతా అయ్యాక ఫ్లోరెసిన్ రంగు పట్టీ తాకించి, నీలి వెలుతురులో పచ్చటి ధార కారుతుందేమో చూడాలి.

చీము పట్టకుండా ఇచ్చే మందుల సంగతి. నరంలోకి వాంకోమైసిన్ 1 గ్రాము పన్నెండు గంటలకోసారి, గంటసేపు మెల్లగా ఎక్కించాలి. సెఫ్టాజిడైమ్ 1 గ్రాము ఎనిమిది గంటలకోసారి. రెండు రోజులు. మంచాలు దొరకని రోజుల్లో, గాయం చిన్నది, శుభ్రమైనది అయితే పెద్దవాళ్ళకు మాక్సిఫ్లాక్సాసిన్ 400 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి ఇచ్చి మరుసటి రోజే పంపాం. అది నోటి ద్వారా తీసుకున్నా కంటి లోపలికి బాగా చేరుతుంది. లెన్సు చిరిగినా, మట్టి గాయమైనా, రోజు దాటి వచ్చినా ఈ తక్కువ దారి పనికిరాదు. మట్టిలో ఉండే బేసిల్లస్ అనే బాక్టీరియా ఒకటి రెండు రోజుల్లోనే కన్నును ముగించగలదు. అట్లాంటివాళ్ళకు కుట్లు వేసిన టేబుల్ మీదే గుడ్డు లోపలికి వాంకోమైసిన్ 1 మిల్లీగ్రాము, సెఫ్టాజిడైమ్ 2.25 మిల్లీగ్రాములు, ఒక్కోటి 0.1 మిల్లీలీటరులో. కలిపే లెక్క: వాంకోమైసిన్ 500 మిల్లీగ్రాముల సీసాలో 10 మిల్లీలీటర్ల సెలైన్, అందులో 1 మిల్లీలీటరు తీసి ఇంకో 4 కలిపితే, 0.1లో 1 మిల్లీగ్రాము. సెఫ్టాజిడైమ్ 500కు 2.2 మిల్లీలీటర్లు, అందులో 0.1 తీసి 0.9 కలపాలి. రెండూ వేరువేరు సిరంజీల్లో. ఒకే సిరంజీలో కలిస్తే తెల్లగా విరిగిపోతుంది. రాత్రి రెండు గంటలకు ఈ లెక్క గుర్తురాదు, గోడకు అంటించుకోవాలి.

వడ్ల పొట్టు, పత్తి కట్టె పుండ్లది వేరే దారి. గీకిన పొరను 10 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) వేసి చూస్తే బూజు పోగులు కనిపిస్తాయి. దానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు, మైక్రోస్కోపు చాలు. నాటామైసిన్ 5 శాతం చుక్కలు మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి, సీసా బాగా ఊపి. ఆ సీసా మండలాల్లో దొరకదు, వారం వాడితే అయిపోతుంది. అందుకని ఇంటికి పంపేటప్పుడే మూడు సీసాలు ఇచ్చేవాళ్ళం. తగ్గకపోతే వోరికొనజోల్ 200 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ సీసాను 20 మిల్లీలీటర్లలో కలిపితే 1 శాతం చుక్కలు. ఆంఫోటెరిసిన్ 50 మిల్లీగ్రాముల సీసా అయితే 33 మిల్లీలీటర్ల శుద్ధజలంలో, 0.15 శాతం. సెలైన్‌లో కలపొద్దు, విరుగుతుంది. 2021 మే నెలలో ఈ రెండో దారి మూసుకుపోయింది. బ్లాక్ ఫంగస్ వచ్చి, మే 20న రాష్ట్ర ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. ఆంఫోటెరిసిన్ ప్రతి సీసా ప్రాణం మీదికొచ్చినవాళ్ళకే పోయింది, పోవాల్సిందే. పొలం పుండ్లకు మిగిలింది నాటామైసిన్, వోరికొనజోల్. పుండు చిల్లు పడితే వేసే కార్నియా కూడా కరువే, నేత్రదానాల సేకరణ 2020 మార్చి నుంచి చాలాకాలం స్తంభించింది. రెండు మిల్లీమీటర్ల లోపు చిల్లులకు సయనోఅక్రిలేట్ జిగురు, పైన బ్యాండేజీ కాంటాక్టు లెన్సు పెట్టి రోజులు గడిపాం. జిగురు వేసే ముందు చిల్లు చుట్టూ పొర గీకి, పొడిగా తుడవాలి. చెమ్మ ఉంటే జిగురు నిమిషంలో ఊడిపోతుంది.

రసాయనాల గాయాల్లో కొత్తది శానిటైజర్. కాలితో తొక్కే స్టాండ్లు పెద్దవాళ్ళ నడుము ఎత్తున ఉంటాయి, అయిదేండ్ల పిల్లకు అది కండ్ల ఎత్తు. ఇది మన దగ్గరిదే కాదు, ఫ్రాన్స్‌లో విష నియంత్రణ కేంద్రాల లెక్కల్లో పిల్లల కండ్లలో శానిటైజర్ పడ్డ కేసులు 2020లో అంతకుముందు ఏడాదికంటే ఏడింతలయ్యాయి. వెంటనే పావు గంట కుళాయి నీళ్ళతో కడిగితే చాలామందికి పైపొర లేచినా నాలుగైదు రోజుల్లో పూడుతుంది. ఊళ్ళల్లో హైపోక్లోరైట్ కొట్టినవాళ్ళకూ అదే. సున్నం అట్లా కాదు. బ్లీచింగ్‌తోపాటు వీధుల్లో చల్లిన సున్నం, తంబాకులోకి వాడే సున్నం డబ్బీ నొక్కితే చిట్లి పిల్లల కంట్లో పడ్డ సున్నం రెప్పల కింద ముద్దలా అంటుకుని రోజంతా కాలుస్తూనే ఉంటుంది. చీలిన కన్ను కడగొద్దు అన్నాం, సున్నం పడ్డ కన్ను ఇంట్లోనే, ఆ క్షణమే కడగాలి. ఈ రెండూ తారుమారు చేసినవాళ్ళను చూశాం. దవాఖానలో రింగర్ లాక్టేట్ రెండు లీటర్లు, సెలైన్ పైపుతో అర గంట. పై రెప్పను రెండుసార్లు మడిచి, మూలలు తడి దూది పుల్లతో ఊడ్చి, పది నిమిషాలాగి పీహెచ్ పట్టీ 7 చూపేదాకా.

ఇప్పుడు ముడులు పూడ్చడానికి ఎందుకంత సమయం ఇచ్చామో. కార్నియా కుట్లు పెద్దవాళ్ళకు ఆరు వారాల నుంచి మూడు నెలల మధ్య వదులవుతాయి, పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాల్లోనే. వదులైన కుట్టు చుట్టూ జిగట చేరి, అక్కడే కొత్త పుండు పడుతుంది. మామూలుగా అయితే రోగి వారానికోసారి వస్తాడు, చూసి తీసేస్తాం. ఆసిఫాబాద్ నుంచి, ఏటూరునాగారం నుంచి వారానికోసారి ఎవరొస్తారు? పూడ్చని ముడి రెప్పను గీకుతూ ఉంటే రోగి స్టెరాయిడ్ చుక్కలు తనే కొనుక్కుని వేసుకుంటాడు. డిశ్చార్జి కాగితం మీద ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) చుక్కలు ఏ తేదీకి ఎన్నిసార్లు, ఏ తేదీకి బంద్ అని తెలుగులో తేదీలే రాశాం. "మెల్లగా తగ్గించండి" అని రాస్తే నెలల తరబడి వేసుకుని కంటి ఒత్తిడి పెంచుకుని వచ్చారు. లాక్‌డౌన్‌కు ముందే హైదరాబాద్‌లో రెటీనా ఆపరేషన్ అయి, అది ఊడకుండా కన్ను లోపల సిలికాన్ ఆయిల్ నింపుకున్నవాళ్ళది ఇంకో బాధ. కొన్ని నెలల్లో తీయాల్సిన ఆయిల్ ఏడాది దాకా ఉండి, చిన్న చిన్న బుడగలుగా విరిగి, ఒత్తిడి పెంచింది.

పిల్లల్లో కుట్టు మానినా పని అయిపోదు. ఏడేండ్ల లోపు పిల్లలకు లెన్సు తెల్లబడి వారాలు గడిస్తే మెదడు ఆ కన్నును వాడటం మానేస్తుంది. శుక్లాల ఆపరేషన్లన్నీ ఆపమన్న జాబితాలో ఇదీ కలిసిపోయింది. గాయం వల్ల వచ్చిన పిల్లల శుక్లం ఆ జాబితాలోది కాదని మా అనస్థీషియా వాళ్ళను ఒప్పించడానికే కొన్ని వారాలు పట్టింది, ఆ వారాలు పిల్లల చూపులోంచి పోయాయి. రెండో విడత లాక్‌డౌన్‌లో, 2021 మే 12 నుంచి జూన్ 19 దాకా, పొద్దున సడలింపు గంటలుండేవి. పిల్లల ఆపరేషన్లు ఆ గంటలకే పెట్టుకున్నాం, మొదట్లో ఆరు నుంచి పది. మొదటి విడతలో తోచని పని అది.

కుట్లు మిగిలిపోయినవాళ్ళు 2021 చివరిదాకా వస్తూనే ఉన్నారు. పాత కుట్టు తీసేటప్పుడు ఒక జాగ్రత్త. ముందు పొవిడోన్ అయోడిన్ 5 శాతం చుక్క వేసి, 26 నంబరు సూది మొనతో దారాన్ని పైభాగాన కోసి, ముడి లేని వైపు నుంచి కాకుండా ముడి దగ్గరగా ఉన్న వైపు నుంచి ఒక్క గుంజుడులో లాగాలి. లేకపోతే బయట ఉండి మురికి పట్టిన ముక్క, ముడి రెండూ కార్నియా మొత్తం దాటి వస్తాయి. ఏడాది పాతబడిన నైలాన్ పెళుసుగా ఉండి మధ్యలో తెగుతుంది. తెగిన ముక్క లోపల పూడి ఉంటే వదిలేయడమే మేలు, మొన బయటికి పొడుచుకుని ఉంటేనే తీయాలి. తర్వాత వారం రోజులు మాక్సిఫ్లాక్సాసిన్ చుక్కలు రోజుకు నాలుగుసార్లు. మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ తెలుగులో రాసి.